బెజవాడలో ఇల్లు అద్దెకు తీసుకునే ముందు వేసుకోవాల్సిన లెక్క

బదిలీ మీద గానీ కొత్త ఉద్యోగంలో గానీ విజయవాడ వచ్చేవాళ్ళు ఫోన్ చేసి మొదట అడిగేది ఒకటే: "అక్కడ అద్దెలు ఎలా ఉన్నాయండీ?" నేను వెంటనే అంకె చెప్పను. మీ ఆఫీసు ఎక్కడ, పిల్లల బడి ఎక్కడ, బండి ఉందా, ఇంట్లో ఇద్దరూ పనిచేస్తారా అని ఎదురు అడుగుతాను. అద్దె తక్కువని మురిసిపోయి ఇల్లు తీసుకుని, ఆ మిగిలిందంతా కరెంటుకీ పెట్రోలుకీ నీళ్ళ డబ్బాలకీ పోసినవాణ్ణి నేను. తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడ మూడు ఇళ్ళు మారాక నాకు అర్థమైంది ఏమిటంటే, ఈ ఊళ్ళో మీ నెల ఖర్చు ఎంతన్నది మీరు ఇంటికి అడ్వాన్స్ ఇచ్చిన రోజే దాదాపు తేలిపోతుంది. ఆ తర్వాత కూరగాయల దగ్గర ఎంత బేరమాడినా కలిసొచ్చేది కొంచెమే.

2014లో రాష్ట్రం విడిపోయి, రాజధాని ఈ పక్కనే అన్నాక ఇక్కడి అద్దెల తీరు మారిపోయింది. 2016లో సచివాలయం ఉద్యోగులు అమరావతిలోని వెలగపూడికి వచ్చేసరికి ఇళ్ళ కోసం వెతుకులాట ఇంకా పెరిగింది. 2024 తర్వాత అమరావతి పనులు మళ్ళీ ఊపందుకున్నాయి. జీతాలు మాత్రం ఆ వేగంతో పెరగలేదు. అందుకే ఇల్లు చూసుకునే పని తొందరపడి చేసేది కాదు. నేను చెప్పే వరసలో చేయండి.

మొదట దిక్కు ఎంచుకోండి, తర్వాతే ఇల్లు

ఊళ్ళో మధ్యతరగతి వాళ్ళు ఎక్కువగా వెతికేది నాలుగు దారుల వెంట. బందరు రోడ్డు మీద పటమట దాటి కానూరు, తాడిగడప, పోరంకి, పెనమలూరు. ఏలూరు రోడ్డు మీద గుణదల, రామవరప్పాడు, ప్రసాదంపాడు, ఎనికెపాడు, నిడమానూరు. పడమర వైపు భవానీపురం, గొల్లపూడి, ఇబ్రహీంపట్నం. ఏరు దాటితే తాడేపల్లి, మంగళగిరి. లబ్బీపేట, మొగల్రాజపురం, బెంజి సర్కిల్ చుట్టుపక్కల అద్దె ఎక్కువ, ఊరి చివరికి వెళ్ళేకొద్దీ తగ్గుతుంది. ఇది అందరికీ తెలిసిందే. తెలియనిది, ఆ తగ్గినదాంట్లో మన చేతికి మిగిలేదెంత అన్నది.

కాగితం తీసుకుని ఇలా వేయండి. ఆఫీసుకి రానూపోనూ 20 కిలోమీటర్లు అనుకుందాం. నెలకు 26 రోజులు, అంటే 520 కిలోమీటర్లు. బండి లీటరుకి 45 ఇస్తే పదకొండున్నర లీటర్లు. లీటరు 110 రూపాయలు వేసుకున్నా పన్నెండు వందల అరవై దాటింది. సర్వీసింగు, టైర్లు కలిపితే పదిహేను వందలు. అదే ఇల్లు ఆఫీసుకి మూడు కిలోమీటర్ల దూరంలో ఉంటే అందులో మూడో వంతు కూడా కాదు. అంటే చివర్న ఉన్న ఇల్లు వెయ్యి రూపాయలు తక్కువకి వస్తే మీకు కలిసొచ్చింది ఏమీ లేదు, పైగా రోజుకో గంట ట్రాఫిక్‌లో పోయింది. మూడు నాలుగు వేలు తేడా ఉంటేనే దూరం వెళ్ళడంలో అర్థం ఉంది.

ఇంట్లో ఆడవాళ్ళు ఉద్యోగానికి వెళ్తుంటే ఈ లెక్క మారుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రంలోని మహిళలకు టికెట్టు లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. నెలకు షేర్ ఆటోలకి పోసే డబ్బు ఇది. కాబట్టి ఇల్లు బస్సు తిరిగే రోడ్డు మీద నుంచి నడిచిపోయేంత దగ్గర్లో ఉండాలని షరతు పెట్టుకోండి. లోపలికి కిలోమీటరున్నర వెళ్ళే వీధిలో ఇల్లు తీసుకుంటే బస్సు ఉచితమే గానీ, రోడ్డు దాకా రావడానికి మళ్ళీ ఆటో ఎక్కాలి.

ఇంకో దారి కూడా ఉంది. గుంటూరులో సొంతిల్లో, అమ్మానాన్నలో ఉన్నవాళ్ళు విజయవాడలో అద్దె కట్టడం ఎందుకో నాకు అర్థం కాదు. రెండు ఊళ్ళ మధ్య రైలు దారి ముప్పై కిలోమీటర్లు దాటి కొంచెం. ప్యాసింజర్ రైలు సీజన్ టికెట్ ఒక నెలది తీసుకుంటే అయ్యే ఖర్చు ఇక్కడి అద్దెలో చిన్న ముక్క. ఆఫీసు వేళకి రైలు కుదురుతుందా లేదా అని ఒక వారం తిరిగి చూసి నిర్ణయించుకోండి.

వెతకడానికి సరైన కాలం

ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం దాకా ఇళ్ళ కోసం పోటీ ఎక్కువ. బడులు తెరిచేలోపు అందరూ మారాలని చూస్తారు. ఓనర్లు కూడా ఆ రోజుల్లో రూపాయి తగ్గరు. ఆషాఢం వచ్చిందంటే కథ మారుతుంది. ఆ నెలలో ఎవరూ కొత్త ఇంట్లో పాలు పొంగించరు. టు-లెట్ బోర్డులు అలాగే వేలాడుతుంటాయి. ఖాళీగా ఉన్న ప్రతి నెలా ఓనరుకి నష్టమే. అప్పుడు వెళ్ళి మాట్లాడి, టోకెన్ అడ్వాన్స్ ఇచ్చి, శ్రావణంలో దిగుతామని చెప్పండి. మేము ఇప్పుడుంటున్న ఇంటికి అలాగే నెలకు ఏడు వందలు తగ్గించుకున్నాం. పట్టింపు లేకపోతే ఆషాఢంలోనే దిగండి, ఇంకా తగ్గుతుంది.

బ్రోకర్ దగ్గరికి ముందే వెళ్ళకండి. కమీషన్ సగం నెల అద్దె నుంచి ఒక నెల అద్దె దాకా అడుగుతారు. రెండు ఆదివారాలు పొద్దున్నే మీకు నచ్చిన నాలుగు వీధులు నడవండి. ఇస్త్రీ బండి అతన్నీ, పాలు పోసే ఆవిణ్ణీ అడగండి. ఏ ఇల్లు ఖాళీ అవుతోందో బోర్డు కట్టకముందే వాళ్ళకి తెలుస్తుంది. ఏ ఓనరు అడ్వాన్స్ తిరిగివ్వకుండా తిప్పుతాడో కూడా చెబుతారు.

మీటరు ముందు నిలబడండి

ఇంట్లోకి వెళ్ళి టైల్స్, కప్‌బోర్డులు చూసేముందు కింద మెట్ల దగ్గరున్న మీటర్ల బోర్డు చూడండి. మీరు తీసుకునే వాటాకి కరెంటు ఆఫీసు ఇచ్చిన సొంత మీటరు ఉందా, లేక ఓనరు మీటరు నుంచి తీసిన సబ్ మీటరా? ఈ ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్లే నేను ఎక్కువ నష్టపోయాను.

మా మొదటి ఇల్లు పటమటలో మూడో అంతస్తు పైన పెంట్‌హౌస్. గాలి బాగా వస్తుంది, అద్దె చుట్టుపక్కల ఇళ్ళకన్నా రెండు వేలు తక్కువ. సబ్ మీటరు, యూనిట్‌కి పది రూపాయలు అన్నారు. "అందరూ తీసుకునేదే కదా బాబూ" అన్నారు ఓనరు గారు. నేను తలూపాను. వాడిన యూనిట్లను బట్టి ధర మారే కరెంటు స్లాబుల సంగతి అప్పటికి నాకు తెలియదు.

2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఇళ్ళ కరెంటు స్లాబులు ఇవి: మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 31 నుంచి 75 దాకా 3 రూపాయలు, 76 నుంచి 125 దాకా 4.50, 126 నుంచి 225 దాకా 6, 226 నుంచి 400 దాకా 8.75, ఆపైన 9.75. పై స్లాబులోకి వెళ్ళినా కింది యూనిట్లకి కింది ధరే పడుతుంది. ఇప్పుడు లెక్క చూడండి. ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, లైట్లు, టీవీ కలిపి చలికాలంలో మాకు అయ్యేది 110 యూనిట్లు. సొంత మీటరైతే 57, 135, 157 రూపాయల 50 పైసలు, మొత్తం కలిపి 350 లోపు. ఫిక్స్‌డ్ చార్జీ, సుంకం, సర్దుబాటు చార్జీలు అదనంగా కొంత పడతాయి. నేను కట్టింది 1,100. అదీ ఏసీ వేయని నెలలో.

వేసవి సంగతి వేరే. పెంట్‌హౌస్ పైకప్పు రోజంతా ఎండకి కాగి, రాత్రి పదింటికి కూడా గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది. పాప నిద్రపోయేది కాదు. ఏసీ వేయక తప్పలేదు. 2023 మే నెలలో 310 యూనిట్లు తిరిగింది, 3,100 కట్టాను. కింద రెండో అంతస్తులో ఉండే ఆవిడ సొంత మీటరు బిల్లు చూపించింది. వాళ్ళకీ ఏసీ ఉంది, కానీ నడినెత్తిన ఎండకి కాగే కప్పు లేదు కాబట్టి యూనిట్లే తక్కువ, ధరా తక్కువ. రెండు వేలు తక్కువ అద్దె అని మేము ఎక్కిన ఆ మూడు అంతస్తులు ఏడాదికి మాకు అనుకున్నంత మిగల్చలేదు.

అందుకని ఇలా చేయండి. సొంత మీటరు ఉన్న వాటానే చూడండి. లేదంటే, యూనిట్‌కి ఓనరు బిల్లులో సగటున ఎంత పడిందో అంతే ఇస్తామని మాట్లాడుకోండి. మోటారు కరెంటు, మెట్ల లైట్లు ఎవరి మీటరులో ఉన్నాయో అడగండి. ఒకసారి మోటారు మా మీటరుకే కలిపి ఉందని ఆర్నెల్ల తర్వాత తెలిసింది. కనిపెట్టడం తేలిక: ఇంట్లో అన్నీ కట్టేసి మోటారు వేయమనండి, మీ మీటరు తిరుగుతుందేమో చూడండి. పై అంతస్తు ఇల్లయితే మధ్యాహ్నం మూడు గంటలప్పుడు వెళ్ళి పది నిమిషాలు కూర్చోండి. చల్లగా ఉన్నప్పుడు చూసి తీసుకోకండి.

నీళ్ళు, వరద

పొద్దున ఆరింటికి ఇంకోసారి వెళ్ళండి. కుళాయి వచ్చే వేళ అది. కృష్ణ నీళ్ళు ఇంటిదాకా వస్తున్నాయా, లేక అన్నిటికీ బోరేనా? బోరు నీళ్ళు కొంచెం సీసాలో పట్టి నోట్లో పోసుకుని చూడండి, ఉప్పగా ఉంటే గీజరూ వాషింగ్ మెషినూ తొందరగా పాడవుతాయి. తాగే నీళ్ళు డబ్బాలు కొనాలంటే నలుగురున్న ఇంటికి రోజుకొకటి పట్టవచ్చు. డబ్బా 20 రూపాయలనుకున్నా నెలకు ఆరు వందలు. అది కూడా అద్దెలోనే కలుపుకోండి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట, కుందావారి కండ్రిక లాంటి ప్రాంతాలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఆ వైపు ఇళ్ళు ఇప్పటికీ తక్కువకి దొరుకుతాయి. వద్దని నేను అనను, అక్కడ బతికేది మనలాంటివాళ్ళే. కాకపోతే నేల ఇల్లు తీసుకోకండి, మొదటి అంతస్తు చూసుకోండి. పక్కింటివాళ్ళని "నీళ్ళు ఎంతదాకా వచ్చాయండీ?" అని అడిగితే గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ప్రభుత్వం అప్పట్లో మునిగిన నేల అంతస్తు ఇళ్ళకి 25 వేలు, పై అంతస్తుల వాళ్ళకి 10 వేలు ఇచ్చింది. ఫ్రిజ్, మంచం, పరుపు, బండి ఇంజను, పిల్లల పుస్తకాలు అన్నీ పోయిన ఇంటికి 25 వేలు ఏ మూలకి? సర్టిఫికెట్లు ఎక్కడున్నా పై అరలో, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. కొండవాలు ఇళ్ళకీ ఇదే జాగ్రత్త. మొగల్రాజపురంలో 2024 ఆగస్టు 31న కొండచరియ విరిగి ఇళ్ళ మీద పడింది, ప్రాణాలు పోయాయి. ఇంటి వెనక బండరాయి ఉంటే ఆ ఇల్లు ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు.

అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు

ఎక్కువమంది రెండు మూడు నెలల అద్దె అడ్వాన్స్ అడుగుతారు. ఇచ్చేది ఫోన్ పే లేదా బ్యాంకు ద్వారానే ఇవ్వండి. పదకొండు నెలల అగ్రిమెంటులో నాలుగు మాటలు రాయించండి: ఏడాదికి ఎంత పెంచుతారు, మెయింటెనెన్స్ అద్దెలో కలిసిందా, ఖాళీ చేసేటప్పుడు రంగుల కింద ఎంత పట్టుకుంటారు, ఎన్ని రోజుల్లో అడ్వాన్స్ తిరిగిస్తారు. రంగుల సంగతి నోటిమాటగా వదిలేస్తే చివర్లో నెల అద్దె దానికే పోతుంది. దిగిన రోజు గోడలు, కుళాయిలు, మీటరు రీడింగు ఫోటోలు తీసి అదే రోజు ఓనరుకి వాట్సాప్‌లో పంపండి. ఇందులో మొహమాటం ఏమీ లేదు. మంచి ఓనరైతే సంతోషిస్తాడు.

బియ్యం, కూరలు, సంవత్సరం సరుకు

వంటింటి ఖర్చులో పెద్దది బియ్యమే. మన వైపు అందరూ తినేది బాపట్లలో పుట్టిన సాంబమసూరి, అదే బీపీటీ 5204. షాపులో 26 కిలోల సంచులు ఎందుకు పెట్టారా అని చాలామంది అడుగుతారు. 2022 జూలై నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడింది, అందుకే మిల్లుల వాళ్ళు ఒక కిలో పెంచి పన్ను తప్పించారు. కాబట్టి అయిదు కిలోలు, పది కిలోల ప్యాకెట్లు కొనకండి. ఊళ్ళో పొలమున్న చుట్టాలుంటే సిగ్గుపడకుండా అడిగి, ధాన్యం మర పట్టించుకుని తెచ్చుకోండి. కొత్త బియ్యం ముద్దవుతాయి, ఓ ఆర్నెల్లు ఆగితే అన్నం పొడిగా వస్తుంది. రేషన్ కార్డు సొంత ఊళ్ళో ఉన్నా ఫరవాలేదు, రాష్ట్రంలో ఏ రేషన్ షాపులోనైనా తీసుకోవచ్చు. కార్డూ గ్యాస్ కనెక్షనూ ఉన్నవాళ్ళకి రాష్ట్ర ప్రభుత్వ గ్యాస్ పథకం దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్ల డబ్బు వస్తుంది, మీ బ్యాంకు ఖాతాకి ఆధార్ జతై ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

కూరగాయలు రైతుబజారులోనే. పటమటలో ఉంది, సింగ్ నగర్‌లో ఉంది, భవానీపురంలో ఉంది. అక్కడ పొద్దున్నే బోర్డు మీద సుద్దముక్కతో ఆ రోజు ధరలు రాస్తారు, టోకు ధరకీ బయట చిల్లర ధరకీ మధ్యలో ఉంటాయి. మా ఆవిడ గురువారం వెళ్తుంది, ఆదివారం కాదు. ఆదివారం జనం తోసుకుంటారు, ఏరుకునే తీరిక ఉండదు. వంకాయ తొడిమ పచ్చగా ఉందా అని చూస్తుంది, బెండకాయ కొన విరిచి చూస్తుంది, గోంగూర కట్ట తిప్పి అడుగున కుళ్ళిందా అని చూస్తుంది. వారానికి సరిపడా తెస్తే వీధిలో బండి దగ్గర పెట్టే దాంట్లో మూడో వంతు మిగులుతుందని ఆవిడ లెక్క. ఫోన్‌లో ఆర్డర్ చేస్తే పది నిమిషాల్లో వచ్చే కొత్తిమీర కట్టతో పాటు చిప్స్ ప్యాకెట్టూ, ఐస్‌క్రీమూ వస్తాయి. అక్కడే డబ్బు కారిపోతుంది.

ఎండుమిర్చి, చింతపండు, కందిపప్పు, పసుపు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు కొనేయండి, అప్పుడే కొత్త పంట వస్తుంది. గుంటూరు ఇంత దగ్గర పెట్టుకుని నెలనెలా వంద గ్రాముల కారం ప్యాకెట్ కొనడం నాకు బాధగా ఉంటుంది. మూడు కుటుంబాలు కలిసి కాయలు తెచ్చి, తొడిమలు తీసి, మర పట్టించుకుంటే రుచీ నిలుస్తుంది, డబ్బూ మిగులుతుంది.

బట్టలు పండగకి ముందు వారం బీసెంట్ రోడ్డులో కాకుండా, తీరిక చూసుకుని వన్‌టౌన్‌లోని బట్టల మార్కెట్ వస్త్రలతలో కొనండి.

బడి, మందులు

బడి ఫీజు మీద నేను చెప్పేది ఒక్కటే. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద, బలహీన వర్గాల పిల్లలకి ఉచితం. అర్హత ఉంటే నోటిఫికేషన్ వచ్చిన వారంలోనే ఆన్‌లైన్‌లో పెట్టండి. సీటు ఇంటి దూరాన్ని బట్టి వస్తుంది కాబట్టి చిరునామా రుజువు సిద్ధంగా ఉంచుకోండి. అద్దె అగ్రిమెంటు ఇక్కడ కూడా పనికొస్తుంది.

బీపీ, షుగరు మాత్రలు నెలనెలా వాడేవాళ్ళు ఇంట్లో ఉంటే జనఔషధి దుకాణం ఎక్కడుందో ముందే చూసుకోండి. డాక్టరుని కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాయమని మర్యాదగా అడిగితే రాస్తారు. మా అమ్మ మాత్రలకి నెలకు అయ్యే ఖర్చు సగానికి పైగా తగ్గింది.

చుట్టాలు, చీటీలు

బెజవాడలో ఉంటే దసరాకీ, ఆసుపత్రి పనులకీ, రైలు మారడానికీ చుట్టాలు మనింటికే వస్తారు. రావాలి కూడా. ఈ ఖర్చు తగ్గించుకోమని నేను చెప్పను. బడ్జెట్‌లో దానికి ఒక గీత గీసి ముందే డబ్బు పక్కన పెట్టండి, అప్పుడు గుమ్మంలో చుట్టాన్ని చూస్తే టెన్షన్ రాదు. పెళ్ళిళ్ళ చదివింపులకీ అంతే. మాఘం, వైశాఖం వచ్చేలోపు నెలకు కొంత వేసుకుంటూ పోవాలి.

ఆ డబ్బు కోసమని తెలిసినావిడ వేసే చీటీలో చేరకండి. 1982 చిట్‌ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన చీటీ కాకపోతే, ఆవిడ రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతే మీరు ఎవర్నీ గట్టిగా అడగలేరు. మా వీధిలో రెండిళ్ళు అలా మునిగాయి. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ నెలకు వంద రూపాయలతో కూడా మొదలుపెట్టవచ్చు.

పదకొండో నెల

ఓనరు అద్దె పెంచుతానంటాడు. అప్పుడు మళ్ళీ కాగితం తీయండి. ఇల్లు మారాలంటే సామాన్ల బండి, కూలీలు, రంగుల కింద కోత, బ్రోకరు, కొత్త ఇంట్లో గ్యాస్ పైపూ కర్టెన్లూ ఫ్యాన్లూ బిగించడం, అన్నీ కలిపి మాకు పోయినసారి పద్దెనిమిది వేలు అయ్యింది. నెలకు అయిదు వందలు పెంచితే ఏడాదికి ఆరు వేలు. నోరు మూసుకుని ఇచ్చేయండి, కాకపోతే దాని బదులు వంటింటి కుళాయి మార్పించుకోండి, కిటికీలకి దోమల మెష్ వేయించుకోండి. రెండు వేలు పెంచుతానంటే మాత్రం సరేననకండి, కాదనీ అనకండి. ఆషాఢం దాకా గడువు అడిగి, ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్ళండి.